ఘనము – మాట పుట్టుక, అర్థముల నడక

బెల్లంపల్లిలో బొగ్గు పాఠ్యపుస్తకములోని బొమ్మ కాదు. 1920ల చివరిభాగములో అక్కడ తవ్వకము మొదలైన నాటినుండి ఆ ఊరివారికి అది అన్నము పెట్టిన వస్తువు. ఆ ఊరి ఉన్నత పాఠశాలలో చదువుకొను విద్యార్థి ఒక్క దినములోనే “ఘనము” అనుమాటను నాలుగైదు తీరులుగా వినవలసివచ్చును. భౌతికశాస్త్రము చెప్పు ఉపాధ్యాయుడు బొగ్గు ఘనపదార్థ మనును. అంకగణితములో 4 యొక్క ఘనము 64. జ్యామితిలో ఆరు చదరపు ముఖములు గల ఆకారము సమఘనము. తరువాతి పుటలోనే నీళ్లతొట్టి ఘనపరిమాణము కనుగొనుమని లెక్క. ఇంటికి పోగా, పొరుగింట పెండ్లి ఘనముగా జరిగినదని మాట.

“నీళ్లు ద్రవము గదా, ద్రవమునకు ఘనపరిమాణ మేమిటి?” అని ఏ పిల్లవాడైన అడిగినచో వానిని మందమతి యనరాదు. ఆ ప్రశ్న చాల సరియైనది. దానికి సమాధానము సూత్రములలో దొరకదు, మాట చరిత్రలో దొరకును.

“ఘన” శబ్దము సంస్కృతమున “హన్” ధాతువునుండి పుట్టినది. ఆ ధాతువునకు కొట్టుట, చంపుట అని అర్థము. వేదభాషలో ఘనమనగా కొట్టువాడు, కొట్టెడు ఆయుధము. గదవంటి దన్నమాట. అయితే కొట్టుటకును గట్టిదనమునకును సంబంధమేమి? కమ్మరి కొలిమిలో సమ్మెటపోటు తిన్న ఇనుము బిగిసి గట్టిపడును. ఇంటి అరుగువేయునపుడు మట్టిని దిమ్మిసతో కొట్టినకొలది సందులు పోయి గట్టియగును. కొట్టగా బిగిసినది, సందులేక కూడినది ఘనము. పాణిని తన వ్యాకరణమున ఈ మాటకు ప్రత్యేకముగా ఒక సూత్రమునే కేటాయించి, గట్టిదనము అను అర్థములో “హన్” ధాతువు “ఘన” రూపము పొందునని చెప్పెను. అనగా ఆయన కాలమునాటికే ఆయుధమునుండి గుణమునకు ఈ మాట నడచివచ్చినది.

అమరకోశము తిరగవేసినవారికి ఈ నడక మెట్లన్నియు ఒకేచోట కనబడును. ముద్గరము, అనగా పెద్ద సుత్తె, ఘనము. మేఘము ఘనము. కాఠిన్యము ఘనము. ఎడములేక దట్టముగా నున్నది ఘనము. కంచుతాళముల వంటి వాద్యములు ఘనవాద్యములు. తీగలు గాని తోలు గాని గాలి గాని అవసరము లేక, గట్టి వస్తువు దెబ్బ తినుటచేతనే మ్రోగునవి. ఇందులో ధాతువు అర్థము, గట్టిదనపు అర్థము రెండును ఒకచోటనే కలిసి యున్నవి. మేఘమునకు ఈ పేరు వచ్చుట మాత్రము విద్యార్థికి విచిత్రముగా తోచును. మేఘముకంటె పలుచనిది ఏమున్నది? కాని క్రిందనుండి చూచువానికి వానకాలపు నల్లమబ్బు సందులేని దట్టపు ముద్దయే. మాటలు పుట్టించినవారు కంటితో చూచినదానికి పేరు పెట్టిరేగాని తూచి పెట్టలేదు.

వేదపాఠములో ఘన యను పద్ధతి ఒకటి కలదు. దానిని నేర్చినవానిని తెలుగువారు ఘనాపాఠి యందురు. ఒకటి, రెండు, రెండు, ఒకటి, ఒకటి, రెండు, మూడు, మూడు, రెండు, ఒకటి, ఒకటి, రెండు, మూడు – ఈ వరుసలో పదములను ముందునకు వెనుకకు త్రిప్పి చదువుదురు. మూడు పదములు పదుమూడై దట్టముగా అల్లుకొనును. ఒక్క పదము జారినను అల్లిక తెగును గనుక పాఠము చెడకుండ నిలిచినది. ఇక ఘనుడు, ఘనత, ఘనకార్యము అనునవి ఈ గట్టిదనమునుండియే గొప్పతనమునకు ఎక్కిన మాటలు. “ఎంత ఘనకార్యము చేసితివి!” అని తల్లి కొడుకును తిట్టునపుడు మాట తలక్రిందులైనది గాని వేరు తెగలేదు.

బెల్లంపల్లి వంటి ఊరిలో ఇంకొక వినోదము కలదు. గనులలో పనికి పలుప్రాంతములవారు వచ్చి చేరుటచే అచ్చట తెలుగుతోపాటు ఉర్దూ, హిందీ కూడ చెవిని బడుచుండును. హిందీలో “ఘన్” అనగా నేటికిని సమ్మెట. తెలుగులో పెండ్లికిని పదార్థమునకును అంటుకొన్న మాట, హిందీలో కమ్మరి చేతిలోనే నిలిచిపోయినది. వేల యేండ్లనాటి మొదటి అర్థము పుస్తకములలో గాక పనిముట్ల నడుమ బ్రతికియుండుట భాషలలో తరచు కనబడు విషయమే.

“హన్” ధాతువునకు గణితములో మరియొక సంతానము కూడ కలదు. అదే ఘాతము. మన పాఠ్యపుస్తకములలోని ఘాతాంకము దానినుండి వచ్చినదే. పూర్వపు గణితజ్ఞులు గుణించుటకు హననము, వధ, ఘాతము అను మాటలు వాడిరి. గుణకారమునకు చంపుటతో పనియేమి? భారతీయ గణితచరిత్ర వ్రాసిన విభూతిభూషణ దత్తు, అవధేశ నారాయణ సింగు ఇందుకొక కారణము చెప్పిరి. ఆ కాలమున లెక్కలు ధూళి పరచిన పలకమీద చేసెడివారు. గుణించుచు పోవునపుడు పాత అంకెను తుడిచివేసి ఆ చోటనే క్రొత్త అంకెను వ్రాయుచుండిరి. గుణ్యము అంకె వెంట అంకె నశించి, లబ్ధము మిగులును. తుడిచిన అంకె చచ్చిన అంకెయే గదా! ఆ విధముగా 4 యొక్క మూడవ ఘాతము 4 యొక్క ఘనము అన్నపుడు ఒకే తల్లి బిడ్డలు ఇద్దరు ఒకే వాక్యములో కలిసినారు. అయితే ఒక జాగ్రత్త అవసరము. మూడుమార్లు “కొట్టుట” చేతనే ఘనమనిరని ఊహించుట తగదు. ఘనమునకు గణితములోనికి దారి గుణకారముమీదుగా గాక గట్టివస్తువు మీదుగా వచ్చినది. ఆ సంగతి ఆర్యభటుని నిర్వచనమే చెప్పును.

ఆర్యభటుడు క్రీ.శ. 499 నాటి తన గ్రంథపు గణితపాదములో, సమానమైన మూటి గుణలబ్ధము ఘనము, పండ్రెండు అంచులు గల ఆకారమును ఘనమే యని ఒకే ఊపిరిలో చెప్పెను. సంఖ్యయు ఆకారమును ఆయనకు వేరు కావు. అదే అధ్యాయములో ఆరంచుల ఆకారము, అనగా త్రిభుజపు అడుగుగల సూది ఆకారము, ఎంత చోటు ఆక్రమించునో చెప్పుచు ఆ ఫలితమునకు కూడ ఘనమనియే పేరు పెట్టెను. కనుక సంఖ్య, ఆకారము, పరిమాణము అను మూడర్థములును పదిహేను వందల యేండ్లకు పూర్వమే ఒక్క మాటలో ఇమిడియున్నవి. ఆ సూది ఆకారమునకు ఆయన యిచ్చిన సూత్రము మాత్రము తప్పు. అడుగు వైశాల్యమును ఎత్తుతో గుణించి సగము తీయుమనెను; మూడవవంతు తీయవలెను. క్రీ.శ. 628లో బ్రహ్మగుప్తుడు మూడవవంతనియే సరిగా చెప్పెను. త్రిభుజ వైశాల్యములో సగము వచ్చుచున్నది గనుక, ఇక్కడను సగమే యని తోచుట సహజము. నేటి విద్యార్థులును పరీక్షలో ఇదే తప్పు చేయుదురు.

ఆర్యభటునియందే ఉపాధ్యాయులు తరగతిలో చెప్పదగిన మరొక మాట కలదు: ఘనచితిఘనము. చితి యనగా పేర్పు, ఇటుకలు పేర్చినట్టిది. ఈ సమాసములో ఘనశబ్దము రెండుమార్లు వచ్చినది, రెండుచోట్లను అర్థము వేరు. మొదటి ఘనము 1, 8, 27 వంటి ఘనసంఖ్య. చివరి ఘనము ఆ పేర్పు మొత్తము. ఘనసంఖ్యలను పేర్చగా వచ్చిన మొత్తము అని తాత్పర్యము. దానికాయన చెప్పిన ఫలితము అందమైనది: ఆ మొత్తము, 1, 2, 3 మొదలగు సంఖ్యల మొత్తమునకు వర్గమగును. 1 + 8 + 27 = 36. అటు 1 + 2 + 3 = 6; 6 వర్గము 36. తరువాతి ఘనము 64 కలిపిన 100; 1 + 2 + 3 + 4 = 10, దాని వర్గము 100. పిల్లలు చెక్కముక్కలతో పేర్చి చూచినచో పేర్పు అను మాట ఎందుకు వచ్చినదో చేతికే తెలియును.

రాష్ట్రకూట రాజైన అమోఘవర్షుని కాలమున, తొమ్మిదవ శతాబ్దిలో, మహావీరాచార్యుడు గణితసారసంగ్రహము రచించెను. ఘనము కట్టుటకు ఆయన చూపిన దారులలో ఒకటి గుణకారము లేకయే కూడికతో నడచును. ఏ సంఖ్య ఘనము కావలెనో దానితోనే మొదలుపెట్టి, దాని రెట్టింపు చొప్పున పెంచుకొనుచు, అన్నిమార్లు కూడవలెను. 4 ఘనమునకు 4 + 12 + 20 + 28 = 64. 5 ఘనమునకు 5 + 15 + 25 + 35 + 45 = 125. ఈ గ్రంథమునే పావులూరి మల్లన తెలుగు పద్యములలోనికి తెచ్చెను. తెలుగులో తొలి గణితగ్రంథముగా పేరొందిన ఆ సారసంగ్రహగణితమును జనము పావులూరి గణితమనియే పిలిచిరి.

ఇతర దేశములవారు ఇదే వస్తువునకు ఏ పేరు పెట్టిరో చూచినచో మన మాట ప్రత్యేకత ఇంకను స్పష్టమగును. గ్రీకులు దానిని “క్యూబోస్” అనిరి. అది జూదపు పాచిక పేరు. లాటినుమీదుగా ఇంగ్లీషులో “క్యూబు” అయినది. క్రీస్తుపూర్వము 300 ప్రాంతమున యూక్లిడ్ తన గ్రంథము 7వ భాగములో ఘనసంఖ్యను, 11వ భాగములో ఘనాకృతిని నిర్వచించెను. ఆరు సమాన చతురస్రములచే ఆవరింపబడినది ఘనమని ఆయన మాట. ఆయన ముఖములు లెక్కించెను, ఆర్యభటుడు అంచులు లెక్కించెను. అరబ్బులు “కఅబ్” అనిరి. చీలమండ ఎముకకు అదే పేరు. ఆ ఎముకలతో పూర్వము పాచికలాడెడివారు. మక్కాలోని కాబాకును ఆకారమునుబట్టి వచ్చిన పేరు ఇదే కుదురులోనిది. ఉర్దూలోని “ముకఅబ్” దానినుండి పుట్టినది. 1918లో స్థాపితమైన ఉస్మానియా విశ్వవిద్యాలయము ఉర్దూలోనే బోధించుచుండుటచే, నిజాము రాజ్యమున చదువుకొన్న పాతతరమువారికి ఘనపు అడుగు “ముకఅబ్ ఫుట్” గానే తెలిసియుండెను.

గ్రీకుకును అరబ్బీకిని పాచిక ఆధారము, అనగా ఆకారము ముందు. సంస్కృతమునకు గట్టిదనము ముందు. ఆకారము వెనుక వచ్చినది. ఈ భేదమువలననే మనకు చిక్కు వచ్చినది. గ్రీకులు గట్టివస్తువునకు వేరుమాట వాడుకొనిరి. మనకు గట్టివస్తువు, పాచిక ఆకారము, మూడుమార్ల గుణలబ్ధము, ఆక్రమించిన చోటు – అన్నిటికి ఒకే మాట. అందుచే మన పాఠ్యపుస్తకములవారు విశేషణములు తగిలింపవలసివచ్చినది. పాచిక ఆకారము సమఘనము, అగ్గిపెట్టె ఆకారము దీర్ఘఘనము, చోటు ఘనపరిమాణము. ఈ ఏర్పాటు చక్కనిదే. ఘనపరిమాణము అనగా గట్టిపదార్థపు పరిమాణము అని విప్పరాదు. ఘనములతో, అనగా ఒక సెంటీమీటరో ఒక మీటరో అంచుగల సమఘనములతో కొలిచిన పరిమాణము అని విప్పవలెను. ఇట్లు చెప్పినచో నీళ్లకు ఘనపరిమాణ మెట్లుండునను ప్రశ్న తీరును. గాలికిని ఉండును.

హిందీ పుస్తకము చూచు విద్యార్థి మరియొక గుంటలో పడును. హిందీలో “ఘనత్వ” మనగా తెలుగులోని సాంద్రత. ఒకే బరువుగల రెండు వస్తువులలో దేనికి ఘనపరిమాణము ఎక్కువయో దానికి “ఘనత్వ” తక్కువ. ఒకే మాటనుండి పుట్టిన రెండు పారిభాషిక పదములు ఎదురెదురుగా నడచుచున్నవి!

ఈ భేదము బొగ్గుబాయిలో మాటల చమత్కారముగా ఉండదు, కూలిగా మారును. పొరలో పగలక యున్న బొగ్గు ఒక ఘనపు మీటరు సుమారు 1.3 నుండి 1.5 టన్నులు తూగును. పగులగొట్టి తొట్టిలో నింపిన బొగ్గు, పెళ్లల నడుమ ఖాళీలుండుటచే, ఘనపు మీటరునకు 0.8 నుండి 0.9 టన్నులు మాత్రమే తూగును. పాణిని చెప్పిన అర్థములో మొదటిది ఘనము, రెండవది కాదు. కాని రెండిటిని కొలుచునది ఘనపు మీటరే. 1.2 మీటర్ల పొడవు, 0.8 మీటరు వెడల్పు, 0.75 మీటరు లోతు గల తొట్టి ఒకటి ఉన్నదనుకొందము. దాని ఘనపరిమాణము 0.72 ఘనపు మీటరు. విడిబొగ్గు సాంద్రత 0.85గా తీసికొన్నచో తొట్టి బొగ్గు 0.61 టన్ను. తెలియక పొర సాంద్రత 1.4 వేసి గుణించినచో ఒక టన్ను దాటును. చెమ్మసుతో తట్టలకెత్తి తొట్లు నింపిన కార్మికులకు భారతదేశపు గనులలో చిరకాలము తొట్ల లెక్కననే కూలి కట్టిరి. తొట్టి నిండినదా లేదా, పైన ఎంత కుప్ప ఉండవలెను, దారిలో కుదిసి దిగిన బొగ్గు ఎవరి లెక్క అను వాదములన్నిటికి అడుగున ఈ రెండు “ఘనముల” భేదమే యున్నది. నేడు బెల్లంపల్లి పట్టణపు పాత భూగర్భగనులు చాలవరకు మూతపడినవి, ఎత్తుడు పని యంత్రములకు పోయినది. లెక్క మాత్రము మారలేదు.

బయట కుప్పపోసిన బొగ్గును కొలుచుట ఎట్లు? దీనికి భాస్కరాచార్యుడు 1150లో రచించిన లీలావతి పనికివచ్చును. పొడవు, వెడల్పు, మందము ఒక్కొక్క మూరగల పండ్రెండంచుల ఆకారమునకు ఆయన ఘనహస్తమని పేరు పెట్టెను. ధాన్యపురాశికి ఆయన చెప్పిన పద్ధతి: కుప్ప చుట్టుకొలతలో ఆరవవంతును వర్గముచేసి ఎత్తుతో గుణించుము. కుప్ప నడుమకు పోలేము గనుక వ్యాసము కొలుచుట కష్టము. చుట్టును త్రాడు వేయుట సులభము. ఎత్తును కూడ కొలువనక్కరలేదు. ముల్లుగల ధాన్యమునకు చుట్టుకొలతలో తొమ్మిదవవంతు, ముతక గింజకు పదవవంతు, సన్నగింజకు పదునొకండవవంతు ఎత్తని ఆయన నియమము. గింజ ఎంత గరుకైన కుప్ప అంత నిటారుగా నిలుచును. తొమ్మిదవవంతు లెక్కన కుప్ప వాలు దాదాపు 35 డిగ్రీలు, పదునొకండవవంతు లెక్కన దాదాపు 30 డిగ్రీలు.

చుట్టుకొలత 18 మీటర్లు, ఎత్తు 2 మీటర్లు గల బొగ్గుకుప్పను ఈ పద్ధతిలో లెక్కించిన 3 × 3 × 2 = 18 ఘనపు మీటర్లు. శంకువునకు నేటి సూత్రము ప్రకారము 17.2. పరిధికిని వ్యాసమునకును గల నిష్పత్తిని 3గా తీసికొనుటవలన నూటికి అయిదింటిలోపు ఎక్కువ వచ్చినది. త్రాడుతో చేసిన లెక్కకు ఇది చెడ్డ ఫలితము కాదు. బరువు కావలెనన్నచో ఇక్కడ 0.85 తోనే గుణింపవలెను, 1.4 తో కాదు.

ఘనపరిమాణము మారకయే అపాయము పెరుగు సందర్భము కూడ గనులలో కలదు. ఒక మీటరు అంచుగల బొగ్గు సమఘనమునకు ముఖముల వైశాల్యము మొత్తము 6 చదరపు మీటర్లు. దానినే ఒక సెంటీమీటరు ముక్కలుగా కోసినచో పదిలక్షల ముక్కలై, వైశాల్యము 600 చదరపు మీటర్లగును. దాదాపు ఆరు గుంటల నేల. ఒక మిల్లీమీటరు ముక్కలు చేసిన 6,000 చదరపు మీటర్లు, ఒకటిన్నర ఎకరము. బొగ్గు అంతే, గాలి తగులు చోటు వేయిరెట్లు. నిప్పంటుకొనుటకు గాలి కావలెను గనుక, పెళ్లగా నెమ్మదిగా కాలు బొగ్గు, ధూళియై గాలిలో తేలునపుడు తుపాకిమందువలె ప్రేలును. 1906లో ఫ్రాన్సు దేశపు కూరియేర్ గనిలో ఇట్టి ప్రేలుడున 1,099 మంది మరణించిరి. అందుకే భూగర్భగనుల దారులలో సున్నపురాతి పొడి చల్లుదురు. బొగ్గుధూళితో కలిసి అది మంట వేడిని పీల్చి, మంట ముందునకు ప్రాకకుండ ఆపును.

బొగ్గు తీసిన తరువాత మిగిలిన ఖాళీని నీటితో పంపిన ఇసుకచే నింపుట సింగరేణి గనులలో చాలకాలముగా నున్న పద్ధతి. ఇచ్చట ఇంజనీరు లెక్క తిరుగబడును. ఒక టన్ను బొగ్గు పైకి వచ్చినపుడు గనిలో ఏర్పడు ఖాళీ, పైన కుప్పలో కనబడు 1.2 ఘనపు మీటర్లు కాదు. పొరలో అది బిగిసి యున్నప్పటి 0.7 ఘనపు మీటరు మాత్రమే. ఇసుక అంతయే కావలెను.